మోకాలి మొక్కు

ఆ సీజనంతా మా ఇంట్లో మోకాలి గురించి తప్ప ఇంకో మాట లేదు. పొద్దున లేస్తే మోకాలు, పడుకోబోయే ముందు మోకాలు. కూరలో ఉప్పెక్కువైందని అనడానిక్కూడా ఎవరికీ తీరిక లేదు. ఆ మోకాలు మా ఆయనది, కుడికాలిది. కానీ అది తమ సొత్తేనని బెజవాడలో చాలామంది అనుకునేవారు.

మా ఆయన మరియదాసు ఫుట్‌బాల్ ఆటగాడు. స్టాపర్ బ్యాక్. అంటే గోలుకి ముందు నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే తిప్పి పంపే మనిషి. లోకంలో ఎక్కడైనా దండలు గోలు కొట్టినవాడి మెడలోనే పడతాయి, ఆపినవాడిని పట్టించుకునే వాళ్ళుండరు. మా వైపు మాత్రం ఎందుకో అది తిరగబడింది. డెల్టాలో కాలవల మీద లాకులుంటాయి కదా, తలుపు దించారంటే నీళ్ళు అక్కడికక్కడ ఆగిపోతాయి. అందుకని ఆయన్ని 'లాకు దాసు' అనేవాళ్ళు. అవతలి జట్టువాడు బంతితో వస్తుంటే మైదానం చుట్టూ జనం "దించు దాసూ, దించు!" అని గొంతులు చించుకునేవాళ్ళు. ఆయన మనిషిని పడెయ్యకుండా, చొక్కా పట్టి లాగకుండా, బంతి ఒక్కటీ తీసుకుని పక్కకి వచ్చేసేవాడు. నాకు ఆటలంటే చిరాకు, అయినా ఆ ఒక్కటీ చూడటానికి బాగుండేదని ఒప్పుకుంటాను.

ఆయనకి జీతమిచ్చేది వన్ టౌన్‌లో లారీ సర్వీసు నడిపే రామకోటేశ్వరరావుగారు. ఆయనకి ఫుట్‌బాల్ పిచ్చి. టీము మొత్తాన్ని తన ఆఫీసు ఉద్యోగులుగా చూపించి పోషించేవారు. ఆ లెక్కన మా ఆయన బుకింగు గుమస్తా. గుమస్తా బల్ల ఏ మూల ఉందో ఆయనకి తెలియదు. కాళ్ళున్నంత కాలం ఈ వైభోగం సాగుతుంది, ఆ తర్వాత సంగతేమిటని నాకు దిగులు. ఆయనకప్పుడే ముప్పై దాటింది.

అలాంటప్పుడు రాష్ట్ర జట్టు సెలక్షను మ్యాచి ఫిబ్రవరిలో మా ఊళ్ళోనే అని కబురొచ్చింది. రైల్వేలో స్పోర్ట్స్ చూసే ఆఫీసరు ఒకాయన మా ఆయనతో అన్నాడు: "రాష్ట్రం జెర్సీ ఒక్కసారి ఒంటిమీద వేసుకురావయ్యా, ఉద్యోగం నేనిప్పిస్తా. తర్వాత కాలు పోయినా కుర్చీ పోదు." మా ఆయనకి కావలసింది ఆ జెర్సీ. పదేళ్ళుగా జాబితా దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాడు. నాకు కావలసింది ఆ కుర్చీ. ఇద్దరికీ దారి ఒకటే కాబట్టి ఆ ఏడు మా మధ్య తగాదాలు కూడా తగ్గాయి.

నవంబరులో బందరులో వానకి తడిసిన మైదానంలో ఆ కుడి మోకాలు మెలిపడింది. నీరు పట్టి తాటిపండంత ఉబ్బింది.

నేను టెలిఫోన్ల ట్రంకు ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. మిరపకాయల షాపులవాళ్ళకి గుంటూరు కలుపుతూ, బట్టల షాపులవాళ్ళకి మద్రాసు కలుపుతూ రోజు గడిచిపోయేది. నేను దాసు భార్యనని ఎలా పొక్కిందో పొక్కింది. లైను కలిసేలోగా ఒకాయన ఆముదం రాయమనేవాడు, ఇంకొకాయన జిల్లేడాకు వెచ్చజేసి కట్టమనేవాడు. "మా తాతకి ఇట్టాగే అయితే ఇసక కాపడంతో లేచి నడిచాడండీ" అని మూడో ఆయన. కాపడం పెట్టేది ఎవరో వాళ్ళకి తెలియదు కదా. డ్యూటీ నుంచి పటమటలో ఇంటికొచ్చేసరికి చెవులు మండుతుండేవి, అప్పుడు మళ్ళీ పొయ్యి ముందు కూచుని ఉప్పు మూట వేడి చేసేదాన్ని. మోకాలు ఆయనది, దిగులు ఊరిది, చాకిరీ నాది.

మా అత్తగారు శౌరమ్మ ఈ చాకిరీలో చెయ్యి వేసేది కాదు గానీ, జపమాల పట్టుకుని పక్కనే కూచునేది. ఆవిడ మొక్కులకి అంతుండేది కాదు. గేదె ఈనితే కొబ్బరికాయ, వాన తెరిపిస్తే కొవ్వొత్తి. మాకింకా పిల్లల్లేరు, దానికీ ఒక మొక్కు ఉందని విన్నాను. మాది బందరు మిషను. మా చర్చిలో విగ్రహం ఉండదు, మొక్కు ఉండదు. పెళ్ళయి ఆర్‌సీఎం, అంటే కేథలిక్కుల ఇంటికొచ్చాక ఇవన్నీ చూసి నవ్వుకునేదాన్ని. నవ్వుకోవడం వరకే, పైకి అంటే ఇంట్లో అన్నం సహించదు.

జనవరి చివరికి వాపు తీసేసింది. ఉయ్యూరులో మ్యాచికి రామకోటేశ్వరరావుగారు ఆయన్ని సగం ఆటకి దించి చూద్దామన్నారు. నేనూ వెళ్ళాను, మా ఆయన్ని నమ్మలేక. చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. బళ్ళవాళ్ళు ఎడ్లని వదిలేసి, బళ్ళ మీదికే ఎక్కి చెరకు ముక్కలు నములుతూ ఆట చూస్తున్నారు. హాఫ్ టైము తర్వాత ఆయన మైదానంలో అడుగుపెట్టగానే "దించు దాసూ!" అని ఒకటే కేక. ఇంకా అవతలివాళ్ళు బంతి ముట్టుకోనే లేదు.

ఆ పూట ఒక్కడు కూడా ఆయన్ని దాటలేదు. ఆట అయ్యాక ఎవరో ముసలాయన కట్ట చెరకు తెచ్చి బస్సులో మా కాళ్ళ దగ్గర పడేశాడు. దారిపొడుగునా మా ఆయన నా చెయ్యి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చూడు హన్నా, వేడి లేదు."

"లేదు."

"ఈసారి జెర్సీ వచ్చుద్ది. నాకు తెలుస్తోంది."

నాకూ అలాగే అనిపించింది. అంత తేలికగా ఊపిరి పీల్చుకుని చాలా రోజులైంది.

ఇంటికొచ్చి చెరకు దించుతుండగానే మా అత్తగారు మాట బయటపెట్టింది.

"మరియమాత దయవల్ల బాగైంది. ఇంక మొక్కు తీర్చాలి."

"ఏం మొక్కు అత్తయ్యా?"

"గుణదల కొండమీద పండక్కి నేను గుండు చేయించుకుంటాననీ, వాడు మోకాళ్ళ మీద మెట్లెక్కి మాత దగ్గరికి వస్తాడనీ."

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే సామెతే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మా అత్తగారు నిజంగానే ముడిపెట్టి కూచుంది. బాగైన మోకాలికి మొక్కు తీర్చడం ఆ మోకాలితోనే! మా ఆయన వంక చూశాను. ఆయన చెరకు గెడ విరుచుకుంటూ తల దించుకున్నాడు.

"పండగ పదకొండుకి అయిపోద్ది, మ్యాచి ఆ వచ్చే ఆదివారం. మ్యాచి కానివ్వండి, తర్వాత ఎన్ని మెట్లయినా ఎక్కిద్దాం" అన్నాను.

"అడిగేప్పుడు తొందర, తీర్చేప్పుడు తీరుబాటా? మాత ఏమనుకుంటది?"

"పోనీ, ఆయన బదులు నేనెక్కుతా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? నువ్వు మాతకి ఒక్క కొవ్వొత్తి వెలిగించిన పాపాన పోలేదు. నీ మోకాళ్ళు లెక్కలోకి రావమ్మాయ్."

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఫాదరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, "శౌరమ్మా, మాతకి నీ కొడుకు మోకాళ్ళతో ఏం పని? మొదటి మెట్టు మోకరించి ఎక్కమను, తక్కినవి నడిచి రమ్మను. మొక్కు చెల్లినట్టే" అన్నారు. మా అత్తగారు తిరుగుదారిలో జపమాల తిప్పుకుంటూ నడిచింది. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం "ఒక్క మెట్టంటే మరీ ఎగతాళిగా ఉంటది" అంది. నేను రెండన్నాను. చివరికి ఐదు మెట్ల దగ్గర తెగింది. మా ఆయన ఐదుకి తలూపాడు. ఐదు మెట్లకి ఏమీ కాదని నేనూ సర్దుకున్నాను.

పండగ చివరి రోజున, జనం భోజనాలకి దిగే వేళ చూసుకుని వెళ్ళాం. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా తలకి తుండు చుట్టించాను. మా అత్తగారు మంగలి ముందు కూచుని గుండు చేయించుకుని, గంధం పూసుకుని వచ్చింది. నెరిసిన జుట్టు పోయేసరికి ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. కింది మెట్టు దగ్గర ఆయన పంచె పైకి మడిచి మోకరించాడు. ఎడమ మోకాలు ముందు, కుడి మోకాలు వెనక. ఒకటి, రెండు, మూడు. నేను పక్కనే కొబ్బరికాయల సంచి పట్టుకుని నడుస్తున్నాను. ఐదో మెట్టు మీద మా అత్తగారే అంది, "చాలు నాయనా, లెగు."

ఆయన లేవబోయాడు. అరచెయ్యి మెట్టు మీద ఆనించాడు కూడా. తుండు జారింది.

"ఒరే, లాకు దాసురా!" అన్నాడు కొవ్వొత్తులమ్మే అతను.

దిగుతున్నవాళ్ళు ఆగారు. ఎక్కుతున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. "మోకాళ్ళ మీదెక్కుతున్నాడ్రా, దారియ్యండి, దారియ్యండి!" ఎవరో చెప్పినట్టుగా జనం రెండు పక్కలకీ జరిగారు. ఎవరో పై మెట్టు మీద ఎండకి కాలకుండా చెంబుతో నీళ్ళు పోశారు. ఇంకెవరో తన పైపంచె తీసి పరిచారు. మరియమాతకి జై అన్నారు, వెంటనే దాసుకీ జై అన్నారు.

నేను ఆయన భుజం పట్టుకుని గుంజాను. "ఐదయినై. లేవండి."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "అందరూ చూస్తున్నారు హన్నా" అన్నాడు.

ఆరో మెట్టు ఎక్కాడు.

తర్వాత నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. మెట్టు మెట్టుకీ చప్పట్లు. మా అత్తగారు గంధం కారిపోతున్న గుండుతో వెనక పరిగెత్తుతూ, "చాల్రా అయ్యా, ఫాదరుగారు చెప్పారు కదరా, చాల్రా!" అని ఏడుస్తోంది. ఆ గోలలో ఆవిడ మాట నాకే సరిగా వినబడలేదు, ఆయనకేం వినబడుతుంది? సగం మెట్ల దగ్గర ఒక్కసారి ఆగి, రెండు చేతులూ మెట్టు మీద ఆనించి తల వేలాడేశాడు. ప్రార్థిస్తున్నాడనుకుని జనం కూడా నిశ్శబ్దమయ్యారు. మళ్ళీ కదిలాడు. పైన మాత గుహ దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, ముందు జనానికి దణ్ణం పెట్టి, తర్వాత మాతకి పెట్టాడు. దిగేటప్పుడు నా భుజం చుట్టూ చెయ్యి వేసి దిగాడు. ఆ బరువుకి నా భుజం లాగేసింది. చూసినవాళ్ళు ఎంత అన్యోన్యమో అనుకుని ఉంటారు.

ఇంటికి వచ్చాక "ఎట్లా ఉంది?" అని అడిగాను. "చర్మం గీరుకుంది, అంతే" అన్నాడు. కడిగి, మందు రాశాను. మర్నాటికి కొంచెం వాచింది. అలవాటైన వాపే అన్నాడు.

ఆదివారం మైదానం నిండిపోయింది. గోడల మీద కూడా చోటు లేదు. సెలక్టర్లకి నీడలో కుర్చీలు వేశారు, రైల్వే ఆయన కూడా వాళ్ళ పక్కనే కూచున్నాడు. ఆట మొదలయ్యాక కాసేపటిదాకా బంతి మా వైపు రాలేదు. వచ్చినప్పుడు తెచ్చినవాడు హైదరాబాదు కుర్రాడు, సన్నగా చలాకీగా ఉన్నాడు. "దించు దాసూ!" అని జనం లేచారు. కుర్రాడు ఎడమకి వెళ్ళబోయినట్టు చేసి కుడికి తిరిగాడు. మా ఆయన కూడా తిరిగాడు. మోకాలు మాత్రం తిరగలేదు.

ఆయన కింద కూచున్నాడు. ఎవరూ తగల్లేదు, రెఫరీ విజిల్ వెయ్యలేదు. అరుగు మీద కూచున్నంత మామూలుగా కూచున్నాడు. వెనక గోలు పడింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. జనం తాళ్ళు దాటుకుని లోపలికి వచ్చేసి ఆయన్ని భుజాల మీదికెత్తుకున్నారు. జేజేలు కొడుతూ మైదానం చుట్టూ తిప్పి, సెలక్టర్ల కుర్చీల ముందు నుంచే బయటికి తీసుకొచ్చారు. రైల్వే ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత కూచుని పక్కాయనతో ఏదో మాట్లాడాడు. ఆటలోంచి మనిషిని అంత మర్యాదగా బయటికి పంపడం నేనెక్కడా చూడలేదు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలిసిపోయినట్టయింది.

డాక్టరు కట్టు వేసి, "ఇక నడిస్తే చాలనుకోండి" అన్నాడు. రాష్ట్ర జట్టుకి ఆ హైదరాబాదు కుర్రాడూ, ఇంకో కొత్త బ్యాకూ ఎంపికయ్యారు.

ఇంట్లో అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. "మాతతో ఐదు మెట్లకి బేరమాడారు. మనసులో బేరం పెట్టుకుని ఎన్ని మెట్లెక్కితే ఏం లాభం?" అని మా అత్తగారు. "బేరం ప్రకారం ఐదుకి లేచుంటే కాలు దక్కేది. మీ మొక్కే ఆయన కాలు మింగింది" అని నేను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం మీద నుంచి మా ఆయన గట్టిగా అన్నాడు, "మెట్లకీ దీనికీ సంబంధం లేదు. మ్యాచిలో మెలిపడింది. నా కాలు సంగతి నాకు తెలీదా?" అప్పటికి ఇద్దరం నోరు మూసుకున్నాం. కానీ నేను ఒప్పుకోలేదు, ఆవిడా ఒప్పుకోలేదు. వంట ఒక పొయ్యి మీదే చేసుకుంటూ వారాల తరబడి ముభావంగా తిరిగాం.

ఆయన పేరు అంతగా మోగింది ఎప్పుడయ్యా అంటే ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. ఆడినన్నాళ్ళూ రానివాళ్ళు కూడా పడ్డాక వచ్చారు. ఉయ్యూరు నుంచి బళ్ళవాళ్ళు వచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి కట్టు మీద చెయ్యి పెట్టి చూశారు. రామకోటేశ్వరరావుగారు యాపిల్ పళ్ళు తెచ్చి, "తొందరేం లేదు, జూన్ నుంచి ఆఫీసుకొచ్చి కూచుందువుగాని" అన్నారు. మంచి మనిషే, మా ఆయన స్థానంలో ఆడేవాణ్ణి అప్పటికే తెచ్చుకున్నారని మాత్రం చెప్పలేదు. వచ్చినవాళ్ళందరికీ టీ. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే పంపు స్టవ్ కొట్టేదాన్ని. ఆయన వరండాలో కుర్చీలో కూచుని అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు: "బాగానే ఉందండీ. వచ్చే సీజనుకి దిగుతా." వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు.

మేలో ఎండలు ముదిరాయి. రోజుకి పదిమంది వచ్చేవాళ్ళు నలుగురయ్యారు, ఆ తర్వాత ఒకరిద్దరు. కట్టు విప్పారు. ఆయన కాలు చాచి, చేతికర్ర పక్కన పెట్టుకుని కూచునేవాడు. రోజూ సాయంత్రానికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండేవాడు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, డ్యూటీ నుంచి వచ్చాను. వచ్చేవాళ్ళ కోసం ఆయన ముందు వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన వీధి చివరకి చూస్తున్నాడు.

"ఇవాళ ఎవరూ రాలేదేంటో" అన్నాడు, నాతో కాదు, తనలో తను.

లోపలికెళ్ళి బియ్యం కడగాలి. కాళ్ళు పీకుతున్నాయి. ఆయన మీద చెప్పలేనంత జాలేసింది, అంతకంటే ఎక్కువగా కోపమొచ్చింది. సంచి గోడకి ఆనించి, ఆ ఖాళీ కుర్చీలో కూచున్నాను. పెళ్ళయ్యాక ఒక్కనాడూ పలకని పేరు నోటితో పలికాను.

"మరియదాసుగారూ, ఎట్లా ఉందండీ ఇప్పుడు కాలు?"

ఆయన ఉలిక్కిపడి చూశాడు. నవ్వాడు. కాసేపు నవ్వి, ఆపేశాడు. చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"పోయిందండీ" అన్నాడు.

నేను కుర్చీ ఆయన వైపు జరుపుకున్నాను.

"మ్యాచిలో కాదు. కొండమీదే పోయింది. సగం మెట్లెక్కేసరికి లోపలేదో పుటుక్కుమంది. అప్పుడే తెలిసిపోయింది నాకు."

"తెలిసీ ఎందుకు లేవలేదు?"

"అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎట్టా లేవమంటావు?"

ఆయన ఇంటి గుమ్మం వంక ఒకసారి చూశాడు. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మకి చెప్పొద్దు హన్నా. మొక్కే మింగిందని నువ్వు కోపంలో అన్నావనుకుంటోంది. నా నోటితో వింటే, తనే చేసిందనుకుంటది. ఇంక గుణదల వైపు తలెత్తి చూడలేకపోద్ది."

ఫిబ్రవరి నుంచీ నేను కాచుకుని ఉన్న మాట అది. వంటింట్లో, మంచం దగ్గర, పొయ్యి ముందు, ఆవిడతో ఎన్ని తగాదాల్లో ఆ ఒక్క మాట కోసం వెతుక్కున్నానో నాకే తెలుసు. ఇప్పుడు అది తెచ్చి నా చేతిలో పెట్టి, వాడొద్దంటున్నాడు.

లోపలి నుంచి మా అత్తగారి గొంతు వినబడింది. మాటలు విని, ఎవరో చూడ్డానికి వచ్చారనుకుంది. ఆ గొంతులో సంబరం దాగలేదు.

"ఎవరే అమ్మాయ్ వచ్చింది? టీ పెట్టనా?"

మా ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఒక్కరే అత్తయ్యా" అన్నాను. "పెట్టండి."